రేడియేటరు మీద బొట్టు

"పొయ్యొద్దు! నీళ్ళు పొయ్యొద్దు! ఒక్క చుక్క పడ్డా ఊకోను!"

విద్యావతి అరుపుకు, కుండ ఎత్తిన మనిషి ఎత్తినట్టే ఆగిపోయాడు. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ముందు, నట్టనడి రోడ్డు మీద, ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు బుసలు కొడుతూ ఆవిరి కక్కుతోంది. వెనక డబుల్ డెక్కర్ బస్సు డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు, రిక్షాలు గంటలు కొడుతున్నాయి, ఆదివారం కదా, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు బేరమాడుతున్న జనం చేతిలో పుస్తకంతోనే లేచి వచ్చేశారు. పైకప్పు మడిచేసిన బండి, దాక్కోవడానికి చోటు లేదు. ఉన్నా ఆమె దాక్కునేది కాదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, వీపు సీటుకు ఆనించి, గడ్డం ఎత్తి కూర్చుంది. కాగిన ఇనుము మీద చల్లనీళ్ళు పడితే ఇంజన్ దిమ్మ నిలువునా పగులుతుంది, పగిలితే ఈ దేశంలో ఇంకోటి దొరకదు. అది బండి నడపడం నేర్పిన వామన్‌రావు కాక చెప్పిన మొట్టమొదటి పాఠం. చల్లారాలి. మూత మీద చెయ్యి పెడితే చెయ్యి ఆగేదాకా చల్లారాలి. ఈలోగా పొద్దు గుంకకూడదు. పొద్దుకు ఎవరైనా చెప్పండి.

చౌరస్తాలో నిలబడే పోలీసు సాయన్న లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. రోజూ నాంపల్లిలో ఆమె దుకాణం ముందు చాయ్ తాగేవాడే.

"ఏంది విద్యమ్మా, దొరల బండి కొని నా నౌకరీకి ఎసరు పెడ్తున్నవు? దిగు జర. నలుగురు పట్టి పక్కకు నూకుతరు."

"నూకొద్దు సాయన్నా. ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు."

"నూకకుంటె ఎట్ల వోతది? రెక్కలున్నయా దానికి?"

జనంలో ఎవడో నవ్వాడు, ఇంకెవడో "లగ్గం పిల్ల లెక్క అలిగింది భాయ్" అన్నాడు. విద్యావతి వాడి వైపు చూడలేదు. ఇగ్నిషన్ తాళం ఆర్పేసింది, క్లచ్ నొక్కి మొదటి గేరులో వేసింది, క్లచ్ వదిలి సెల్ఫ్ స్టార్టరు తీగ పట్టి లాగింది. ఇంజన్ పలకలేదు గానీ బ్యాటరీ బలానికి బండి కుంటి గుర్రంలా ఒక్క గెంతు గెంతింది, మళ్ళీ లాగింది, మళ్ళీ గెంతింది, కక్కుకుంటూ ఈడ్చుకుంటూ పోస్టాఫీసు గోడ వారకు వచ్చి నిలబడింది. బస్సు కదిలింది. సాయన్న లాఠీ చంకలో పెట్టుకుని, "ఔ మల్ల! గిట్ల గూడ నడుస్తదా!" అన్నాడు. తనంతట తాను నడిచింది. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ తాడు కట్టలేదు. అన్న పెట్టిన షరతు అదే, ఆ షరతు ఇంకా బతికే ఉంది. దీపాలు పెట్టే వేళకు ఈ బండి తన కాళ్ళ మీద తాను ఉస్మాన్‌గంజ్‌లో ఇంటి ముందు నిలబడాలి. నిలబడితే నాంపల్లిలో నాన్న కుషన్ దుకాణం ఆమెది, జన్మలో అన్న దాని పేరెత్తడు. నిలబడకపోతే ఆమె నడుముకు వేలాడే తాళాల గుత్తి అన్న బొడ్డులోకి పోతుంది. గుత్తిని ఒకసారి తడిమి చూసుకుంది. వేడిగా ఉంది. ఇంజన్ వేడో, ఒంటి వేడో.

వాసన. అప్పటిదాకా అరుపుల్లో తెలియలేదు గానీ గాలి ఇటు తిరిగేసరికి ఆవిరి మొహానికి కొట్టింది, ఇదేం వాసన, పెట్రోలు కాదు, ఆయిలు కాదు, కాలిన రబ్బరు కాదు, వంటింటి వాసన. గోడ వారన పూలమ్ముకునే పోశవ్వ ముక్కు ఎగబీల్చి, "ఏందమ్మ, బండిల పప్పుచారు కాగుతున్నదా?" అంది. "పోపు ఎయ్యుండ్రి జల్ది" అని మరో గొంతు. విద్యావతి దిగి, బానెట్ రెక్క ఎత్తింది. రేడియేటరు తొట్టి మీద అరచేయంత పూజ బొట్టు, గంధం మీద పసుపు, పసుపు మీద కుంకుమ, మధ్యలో పగిలి పెచ్చులు లేచింది, ఆ పగుల్లోంచి సన్నటి ధార చిమ్ముతోంది. వేలు పెడితే చురుక్కుమంది. వేలి మీద పచ్చటి చుక్క. పసుపు. పైన పూసిన పసుపు కాదు, లోపలి నుంచి నీళ్ళతో ఉడికి వస్తున్న పసుపు, గుప్పెళ్ళ కొద్దీ. కారే రేడియేటరులో పసుపు పోస్తే చిల్లుల్లో పేరుకుని కొన్నాళ్ళు ఆగుతుందని, లారీవాళ్ళు దూరాభారం పోయేటప్పుడు చేస్తారని విన్నది. తెలిసే చేశారు. బండి అమ్ముడుపోయేదాకా ఆగితే చాలనుకున్నారు. కాదు, అబిడ్స్ దాకా వచ్చి ఆగిపోతే చాలనుకున్నారు.

పసుపు అంటే ఇంకెవరు, అన్న శ్రీపతి. ఉస్మాన్‌గంజ్‌లో అన్నది పసుపు కొట్టు. చిన్నప్పుడు అన్న బడి నుంచి సరాసరి కొట్టుకే పోయేవాడు, రాత్రి అన్నం ముందు కూర్చుంటే చొక్కా అంచులు పచ్చగా, కనుబొమలు పచ్చగా, అమ్మ నవ్వి "నా కొడుకుకు రోజూ పెండ్లే" అనేది. ఆ పచ్చటి చెయ్యే మొన్న ఆమె చెయ్యి పట్టుకుంది. ఉస్మాన్‌గంజ్‌లో పెద్ద బేరాలు నోటితో ఆడరు, కండువా కప్పి దాని కింద వేళ్ళు నొక్కి ఆడతారు. కండువా కింద వేళ్ళు కలిశాయంటే మాట తిరగదు, తిరిగినవాడితో మర్నాటి నుంచి ఎవడూ సరుకు ముట్టడు. ఆడదాని చేతి మీద కండువా పడడం ఆ ఇంట్లో అదే మొదలు. "కుట్టుపని చేసుకునేదానికి కారెందుకే విద్యా? అదీ నెత్తి మీద కప్పు లేని కారు! కులంల మా తలకాయ యాడ పెట్టుకోవాలె?" అని అన్న అంటే, "కారుకే కప్పు లేదు అన్నా, నీ తలకాయకున్నది, ఏం ఫికర్ లేదు" అంది ఆమె. వదిన లోపల కొంగు నోట్లో కుక్కుకుంది. అన్న మొహం నల్లబడింది. అప్పుడొచ్చింది కండువా. సాక్షి వామన్‌రావు కాక, అక్కడే కొట్టు గద్దె మీద కూర్చుని వక్క కొరుకుతూ, "బిడ్డ గెలుస్తది శ్రీపతీ, నేను నేర్పిన" అన్నాడు. ఆ మాటకు ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతమందిలో తన వైపు ఒక్కడు.

ధార సన్నబడుతోంది, లోపల నీళ్ళు అయిపోవచ్చాయి కాబోలు. వెళ్ళి సీట్లో కూర్చుంది. జనం పలచబడరు. ఎవరో పిల్లను ఎత్తి చూపిస్తున్నారు, చూడు చూడు, ఆడామె డ్రైవరు. చూడనీ. సీటు మడత కిందికి చెయ్యి పోనిచ్చింది, అలవాటుగా, అక్కడ వేళ్ళకు కుట్లు తగిలాయి. పైకి కనిపించని వరస, మైనం పట్టించిన దారం, ప్రతి కుట్టుకూ జంట ముడి. ఆమె కుట్టినవే. నిజాం రోజులు, పరికిణీ కట్టుకునే వయసు, ఈ బండి కొత్తదై సీటు తోలు నచ్చలేదని ఒక జాగీర్దారు నాన్న దగ్గరికి పంపాడు. దుకాణం ముందు ఆగితే నాంపల్లి స్టేషన్ నుంచి దిగిన వాళ్ళు పెట్టెలు మోసుకుంటూ ఆగి చూశారు. నాన్న చెయ్యి ఇరుకు సందులోకి పట్టలేదు, "చిన్న చెయ్యి గావాలె, ఇటు రా బిడ్డా" అన్నాడు. పని అయ్యాక ఆమె స్టీరింగు ముందు కూర్చుంది, ఒక్క క్షణం, నాన్న చంకలో చెయ్యి వేసి దింపేశాడు. "మనం కుట్టేటోళ్ళం, కూసునేటోళ్ళు వేరే" అన్నాడు, కోపంగా కాదు, మామూలుగా, వానొస్తుంది అన్నట్టు. ఆ మామూలుతనమే ఇన్నేళ్ళూ గుచ్చుకుంది. పెళ్ళయి వెళ్ళిన ఇంట్లోనూ అదే మామూలుతనం, కూర్చునేవాళ్ళు వేరే, తినేవాళ్ళు వేరే, చెయ్యి లేపేవాడు వేరే. ఒక రోజు పొద్దున చీర పెట్టె పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా కాదు, అందరికీ చెప్పి, బస్సెక్కి వచ్చేసింది. అన్న గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. నాన్న లేచాడు. దుకాణం తాళాలు తెచ్చి ఆమె కొంగున కట్టాడు. అది ఆయన చేసిన ఎదిరింపు, బతుకంతటికీ ఒక్కటే. వాటిని ఈ రోజు పోగొడతానా. పోస్టాఫీసు గడియారం వైపు చూడను. చూస్తే పరుగెత్తుతుంది.

తప్పెక్కడ జరిగింది. అన్నీ చూసింది కదా. "పాత బండి కొనేటందుకు పెండ్లిచూపులకు పోయినట్టు పోవద్దు బిడ్డా, దొంగను పట్టేటందుకు పోయినట్టు పోవాలె" అని కాక చెప్పాడు. పబ్లిక్ గార్డెన్స్ వెనక ఖాళీ రోడ్ల మీద డ్రైవింగు నేర్పుతూ, గేరు మార్చినప్పుడల్లా ఒక మెలకువ చెప్పేవాడు. లక్డీకాపూల్‌లో ఆ పెంకుటింటి షెడ్డులో, కాక వెనక నిలబడి ఉండగా, బండి మీది గోనెపట్టా లాగినప్పుడు చెయ్యి ముందు సీటు కింది కుట్ల కోసమే పోయినా, ఆమె దొంగను పట్టేదానిలాగే పట్టి చూసింది. గుడ్డలో చుట్టిన అయస్కాంతం రేకంతా తిప్పింది. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, తుప్పు తిన్న గుంతల్లో లప్పం నింపి రంగేస్తే జారిపోతుంది. ఎక్కడా జారలేదు. ఇంజన్ మీద చెయ్యి పెట్టింది, చల్లగా ఉంది, అంటే ముందే వేడి చేసి మోసం చెయ్యలేదు. స్టార్టు చేయించి వెనక్కి పోయి పొగ చూసింది, నీలం లేదు. ఆయిలు పుల్ల తీసి చూసింది, నీళ్ళు కలిస్తే తేలే తెల్లటి మీగడ లేదు. కాయితాల మీది నంబరూ ఇంజన్ మీది నంబరూ ఒకటే. నేల మీద బోర్లా పడుకుని అడుగున చూసింది, తడి లేదు. లేచి మళ్ళీ బానెట్ రెక్క ఎత్తింది. రేడియేటరు తొట్టి మీద బొట్టు. గోరు పోనిచ్చి గీకబోయింది, ఎందుకో మరి, రంగు కొత్తగా ఉంటే కింద ఏముందో అడుగు అన్న పాఠం గుర్తొచ్చిందేమో. "ఆగు బిడ్డా, ఆయుధపూజ బొట్టది, మొన్న దసరాకు వాళ్ళింట్ల చేసుకున్నరు, చెరపగూడదు" అనే మాట వెనక నుంచి వినబడింది. గోరు వెనక్కి తీసుకుంది. తీసుకోవడమే కాదు, ఆ వేలు కళ్ళకద్దుకుంది. దుకాణంలో ఆమె కుట్టుమిషను మీదా అదే బొట్టు, కత్తెర మీదా అదే బొట్టు. దసరా బొట్టు దానంతట అది రాలిపోవాల్సిందే గాని చేత్తో తుడవరు, నాన్న తుడవలేదు, ఆమె తుడవదు. ఈ ఊళ్ళో ఎవడు తుడుస్తాడు. చిల్లు దాచడానికి అంతకంటె గట్టి మూత ఇంకేముంది.

వాళ్ళింట్లో. వాళ్ళింట్లో దసరా. ఆవిడ మొహం కళ్ళ ముందుకొచ్చింది, బండి అమ్మినావిడ నళినమ్మ, తెల్లచీర, చేతులు బోసిగా. భర్త రామచంద్రమూర్తి శ్రావణంలో పోయాడు, ఆయన పోయాక బండి షెడ్డులో ఎలుకల పాలవుతోందని అమ్మేసింది. కాయితాలు చేతికిచ్చాక మంచినీళ్ళు తెచ్చిచ్చి, గడపలో నిలబడి, సిగ్గుపడుతూ అంది. "బొట్టు పెట్టి పంపేదుండెనమ్మా, ఏమనుకోకు. ఏడాది దాటేదాకా మా ఇంట్ల పండుగ లేదు. ఈసారి బతుకమ్మ గూడ పేర్వలే." అవును, అంది కదా. విద్యావతి "ఫర్వాలేదమ్మా" అంది కదా. అని, ఎర్రబండి వైపే చూస్తూ నీళ్ళు తాగింది కదా! బతుకమ్మ పేర్చని ఇంట్లో ఆయుధపూజ ఎవరు చేశారు? చావు పడ్డ ఏడాది గుమ్మానికి మామిడాకు కట్టని ఇంట్లో, కారుకు గంధం ఎవరు పూశారు? బొట్టు ఆ ఇంటిది కాదు. బయటి నుంచి నడిచి వచ్చింది. పసుపు పొట్లంతో సహా.

"అగో, మీ అన్న వచ్చిండు" అంది పోశవ్వ.

రిక్షాలోంచి శ్రీపతి దిగాడు, భుజాన అదే కండువా. వెనకే వామన్‌రావు కాక, ధోవతి అంచు ఎత్తి పట్టుకుని, నాంపల్లిలో ఆమె మడిగె పక్క మడిగెలో పాత మోటార్ల దుకాణం పెట్టుకున్న మనిషి, పాతికేళ్ళుగా రోజుకోసారైనా "ఏం బిడ్డా" అని పలకరించే మనిషి. శ్రీపతి ఆకాశం చూశాడు. పొద్దు పోస్టాఫీసు కప్పు వెనక్కి దిగుతోంది.

"నేను చెప్పలే? రోడ్డు మీద నిలవెట్టింది నిన్ను."

"నిలబడ్డదే అన్నా, పడుకోలే. పొద్దున్నది ఇంక."

"ఏం పొద్దు? చూస్తున్నరు జనం. దా, ఇంటికి పోదం. తాళాలు రేపిద్దువు."

"ఈడనే కూసుంట. నువ్వు నిలబడలేకుంటె ఆడ అరుగున్నది."

వామన్‌రావు అప్పటికే బానెట్ దగ్గరికి పోయాడు. చూశాడు, నాలుక చప్పరించాడు. "అయ్యో బిడ్డా, సలసల కాగుతున్నది గదా, గిట్లనే ఒదిలేస్తరా ఎవలన్న" అంటూ పోశవ్వ పక్కనున్న కుండ రెండు చేతులా ఎత్తాడు, చల్లటి కుండ, పూల మీద చల్లుకునే నీళ్ళు, ఎత్తి ఇంజన్ మీదికి వంచబోయాడు. విద్యావతి సీట్లోంచి తలుపు తియ్యకుండానే దూకింది. మోచేతితో కుండను కొట్టింది. కుండ రోడ్డు మీద పగిలి నీళ్ళు పచ్చటి మడుగులో కలిశాయి. జనం హో అన్నారు. "నా కుండ!" అని పోశవ్వ. "కొత్తదిస్త అవ్వా" అంది విద్యావతి, కళ్ళు మాత్రం కాక చేతుల మీద. వక్కపొడి రంగు పట్టిన వేళ్ళు. వాటిని గబగబా ధోవతికి తుడుచుకున్నాడు.

కాగిన ఇనుము మీద చల్లనీళ్ళు పొయ్యొద్దు. ఎవరి నోటి నుంచి వచ్చింది ఆ మాట. ఎవరు నేర్పారు. ఊళ్ళో ప్రతివాడూ తెలియక నీళ్ళు పోస్తానంటే అర్థముంది, నేర్పినవాడే పోస్తాడా. పగిలిపోతే ఇక ఏ అనుమానమూ మిగలదు, ఏ చిల్లూ మిగలదు, బండి ఇనుప సామాను కింద పోతుంది, ఎవరూ రేడియేటరు విప్పి చూడరు. ఆమె అయస్కాంతం ఎక్కడ పెడుతుందో, నేల మీద ఎక్కడ పడుకుని చూస్తుందో, ఎక్కడ గోరు పెడుతుందో, ఎక్కడ గోరు వెనక్కి తీసుకుంటుందో, అన్నీ తెలిసినవాడు, ఆమె కంటే ముందు ఒంటరిగా పోయి ఆ బండిని చూసొచ్చినవాడు ఒక్కడే. ఆ షెడ్డులో "ఆగు బిడ్డా" అన్నది నళినమ్మ కాదు. ఆవిడ అప్పటికి కాయితాల మీద సంతకం పెట్టడానికి ఇంట్లోకి పోయింది. ఇన్ని పాఠాలు చెప్పింది ఒక్క పాఠం దాచడానికా. కండువా నాడు "బిడ్డ గెలుస్తది" అన్నప్పుడు కళ్ళు చెమ్మగిల్లిన తనను తాను తిట్టుకుంది, తిట్టుకుని ఊరుకుంది. ఏడుపు రాలేదు. ఏడిస్తే ఓడానంటారు, ఆ సంబరం ఇవ్వను. ముందు బండి.

మూత మీద చెయ్యి పెట్టింది. తీసేసింది. మళ్ళీ పెట్టింది. ఆగింది. సంచిలోంచి తోలు ముక్క తీసింది, కుర్చీ అంచులకు వేసే దళసరి తోలు, కత్తెరతో సూదిగా కోసి రోడ్డు మీది మడుగులో నానబెట్టి, దసరా బొట్టు అని ఊరంతా దండం పెట్టే ఆ గంధం పెచ్చును గోటితో బరబరా గీకి అవతల పారేసింది. జనంలో ఎవరో "అరె, పూజ బొట్టు!" అన్నారు. "పూజ చేసినోడుంటే ముందుకు రమ్మను" అంది ఆమె. చిల్లు బయటపడింది, చిటికెన వేలు దూరేంత. తోలు ముక్కను అందులో పెట్టి చెప్పు మడమతో దిగ్గొట్టింది. తడి తోలు ఉబ్బి పట్టుకుంటుంది, అది నాన్న నేర్పిన పాఠం, అందులో మోసం లేదు. సాయన్న తన చౌకీ లోంచి బిందె తెచ్చిచ్చాడు. కొద్దికొద్దిగా, ఆగి ఆగి పోసింది. ఉస్మాన్‌గంజ్ ఎంత దూరం, అటుపక్క మలుపులే కదా, కారుతూనే పోనీ, దారిలో ఇంకో బిందె. స్టీరింగు ముందు కూర్చుంది. తాళం తిప్పి తీగ లాగింది. దగ్గింది. లాగింది. దగ్గి, ఉమ్మి, ఒక్కసారి గొంతు విప్పింది ఎర్రబండి, ఇరవై ఏళ్ళ కింద నాంపల్లి స్టేషన్ జనాన్ని ఆపిన అదే గొంతు. రోడ్డు వార ఈలలు పడ్డాయి.

శ్రీపతి బండిని చూడడం లేదు. వంగి, గీకి పారేసిన పెచ్చును వేళ్ళతో నలిపి చూస్తున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పసుపు కొట్టువాడి ముక్కు. రోడ్డు మీది పచ్చటి మడుగులో వేలు ముంచి మళ్ళీ వాసన చూశాడు. మొహంలో రంగు మారింది.

"ఇది నా కొట్ల పసుపే. నిజామాబాద్ మాల్. గీడికెట్ల వచ్చింది?"

అడిగిన తీరు చూసి విద్యావతికి గుండె మీంచి ఒక రాయి దిగింది. అన్నకు తెలియదు. ఓడించాలనుకున్నాడు గాని దొంగదెబ్బ కొట్టలేదు. కండువా మీది మాట కండువా మీదే ఆడాడు.

"అన్నా, ఒక్కటి చెప్పు" అంది, ఇంజన్ మోత మీద గొంతు పెంచి, ఫుట్‌పాత్ చివరిదాకా వినబడేట్టు. "నేనోడిపోతె నాంపల్లి మడిగె ఏం చేద్దామనుకున్నవు?"

"ఏం చేస్త. కిరాయికిస్తనని మాటిచ్చిన. రెండు మడిగెలు కలిపి..." శ్రీపతి మాట మధ్యలో ఆగిపోయాడు. కండువా భుజం మీంచి జారింది. నెమ్మదిగా పక్కకు తిరిగాడు.

పక్కనున్న మనిషి ధోవతి అంచు వదిలేసి, "ఏంది శ్రీపతీ, ఆడపిల్ల మాటలు..." అంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక సాయన్న లాఠీ అడ్డం పెట్టాడు.

"నీ గద్దె మీద రోజూ కూసునేదెవలు అన్నా? వక్కతోని పొట్లం పసుపు గూడ పట్కపొయ్యేదెవలు? పండుగ లేని ఇంట్ల పూజ జేసిందెవలు?" గేరు వేసింది. ఎర్రబండి ముందుకు ఒక్క అంగుళం జరిగింది. "పసుపు ఎట్ల వచ్చిందని అడిగితివి గదా? కండువా నాడు సాక్షి కూసున్నోడే తెచ్చిండు. అందరు ఇనుండ్రి. వామన్‌రావు కాక!"